చిట్టికి తెలుగొచ్చు

ప్రతి ఏడూ సావనీరు పని మొదలవ్వగానే మన బడి సంపాదకవర్గం వారి దగ్గర్నుంచి నాకొక ఈమెయిలు వస్తుంది, "మాస్టారూ, ఈసారైనా ఏదైనా రాయండి" అని. ప్రతి ఏడూ నేను ఆఫీసులో రిలీజు ఉందని చెప్పి తప్పించుకుంటాను. పన్నెండేళ్ళుగా ఆదివారం పొద్దున్నే గుణింతాలు చెబుతున్నానే గానీ, నాలుగు పేజీలు కుదురుగా రాసిన పాపాన పోలేదు. ఈసారి మాత్రం మా రెండో తరగతి పిల్లలే పట్టుబట్టారు. వాళ్ళు అడిగింది గోదావరి గురించో, గురజాడ గురించో కాదు. "మీ కుక్క గురించి రాయండి మాస్టారూ" అని.

ఆ పిల్లలకి మా చిట్టి అంటే అంత గౌరవం ఎందుకంటే, దానికి తెలుగొచ్చు. ఎక్కమంటే ఎక్కుతుంది, ఆగమంటే ఆగుతుంది, కూర్చోమంటే కూర్చుంటుంది. ఇంగ్లీషులో చెబితే మొహంలోకి చూస్తూ నిలబడుతుంది. "దానికి నాకన్నా ఎక్కువ తెలుగొచ్చు" అని మా క్లాసు కుర్రాడొకడు వాళ్ళమ్మతో అన్నాట్ట. ఆవిడ నన్ను పార్కింగ్ లాట్‌లో ఆపి, ఆ సంగతి నవ్వుతూ చెప్పారు. పూర్తిగా నవ్వుతూనే చెప్పారని కూడా అనలేను.

చిట్టి మా ఇంటికొచ్చింది 2019 సెప్టెంబరులో. అప్పటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ పాటు రోజూ అన్నాల దగ్గర ఇదే పాట, "నాన్నా, కుక్క". మేముండేది నార్త్ కెరొలినాలో, రాలీ పక్కనున్న కేరీలో. గంట దూరంలో ఉన్న ఒక జంతువుల షెల్టరుకి "ఊరికే చూసొద్దాం" అని బయల్దేరాం. ఇలా ఊరికే చూడ్డానికి వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చిన వాళ్ళు ఈ దేశంలో ఉన్నారని నేను నమ్మను. మిగతా కుక్కలన్నీ జాలీ దగ్గరికొచ్చి తోకలు ఊపుతుంటే, ఇది మాత్రం వెనక గోడకి అతుక్కుపోయి, మొహం అటు తిప్పుకుని కూర్చుంది. నల్లటి ఒళ్ళు, ఛాతీ మీద తెల్ల మచ్చ, ఏ జాతో దేవుడికే తెలియాలి. తణుకు దగ్గర మా ఊళ్ళో అరుగుల కింద పడుకునే కుక్కలా ఉంది. "ఇదే నాన్నా" అంది మా అమ్మాయి. వయసు ఏడాది ఉండొచ్చన్నారు. అంతకు ముందు ఎక్కడ పెరిగిందో, ఏం చూసిందో ఎవరికీ తెలియదు.

మొదటి ఆరు నెలలూ సోఫా వెనకే దాని కాపురం. నెమ్మదిగా మా ముగ్గురికీ అలవాటు పడుతుండగా 2020 మార్చి వచ్చింది. కోవిడ్‌తో ఇంటికెవరూ రావటం లేదు. వీధిలో ఎవరైనా ఎదురొస్తే వాళ్ళే ఆరడుగులు తప్పుకుని పోతున్నారు. లోకమంతా చిట్టికి కావలసినట్టే మారిపోయింది. మేమేమో దాని భయం పోయిందనుకుని మురిసిపోయాం.

2021 వేసవిలో జనం మళ్ళీ బయటికొచ్చాక అసలు సంగతి తెలిసింది. అల్లంత దూరాన ఒక కుక్క కనిపిస్తే చాలు, వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. తాడు తెగేలా ముందుకు ఉరికి, గొంతు బొంగురుపోయేదాకా అరిచేది. టోపీ పెట్టుకున్న మగవాళ్ళని చూసినా అంతే. నేను దాన్ని తెల్లవారుజామున ఐదింటికీ, రాత్రి పదకొండింటికీ దొంగలా తిప్పటం మొదలుపెట్టాను. ఆ ఏడు దసరాకి మా ఆవిడ ఎంతో ముచ్చటపడి బొమ్మల కొలువు పెట్టి పేరంటానికి పిలిచింది. చిట్టిని మేడమీద గదిలో పెట్టాం. రెండు గంటల సేపు ఒక్క క్షణం ఆపకుండా అరిచింది. ఒక చంటిపాప జడుసుకుని ఏడుపు లంకించుకుంది. వచ్చినవాళ్ళంతా గుమ్మంలోనే తాంబూలం పుచ్చుకుని, "మళ్ళీ వస్తాం లెండి" అంటూ వెళ్ళిపోయారు. ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ మా ఆవిడ అంది, "ఏవండీ, ఇక మనింటికి ఎవరూ రారు."

తిరిగి ఇచ్చేద్దామన్న మాట నా నోటి నుంచే వచ్చింది. మా అమ్మాయి ఏమీ అనలేదు. అన్నం కంచం అలాగే వదిలేసి సోఫా వెనక్కి వెళ్ళి, దాని పక్కన కూర్చుంది.

చివరి ప్రయత్నంగా ఒకావిడ దగ్గరికి తీసుకెళ్ళాం. బడి పంతులమ్మగా రిటైరై, ఇంటి వెనక రెండెకరాల పెరట్లో కుక్కలకి శిక్షణ ఇస్తుంటారు. నేను సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టుగా "దీనికి కోపం ఎక్కువండీ" అన్నాను. ఆవిడ తన కుక్కని పెరటి ఆ చివర నిలబెట్టి, మమ్మల్ని ఈ చివర నిలబెట్టి కాసేపు చూశారు. "కోపం కాదిది, భయం. అది దూరం అడుగుతోంది. అరిస్తే ఎదుటి కుక్క వెళ్ళిపోతుందని అది నేర్చుకుంది. మీరే నేర్పారు" అన్నారు. నిజమే. అరిచిన ప్రతిసారీ నేను దాన్ని లాక్కుని ఇవతలికి వచ్చేసేవాణ్ణి. దాని లెక్కలో దాని అరుపు పని చేసినట్టే కదా!

కుక్కపిల్లలు పుట్టిన మూడో వారం నుంచి సుమారు మూడు నెలలు వచ్చేదాకా ఏమేం చూస్తాయో, అవే వాటికి మామూలు సంగతులవుతాయట. ఆ కిటికీ మూసుకుపోయాక ఎదురయ్యే ప్రతి కొత్త వస్తువూ అనుమానమే. ఆ వయసులో చిట్టి బహుశా ఏమీ చూసి ఉండదు. పోయిన మూడు నెలల్ని వెనక్కి తేలేం గానీ, భయాన్ని కొంచెం కొంచెం కరిగించవచ్చు అన్నారావిడ.

పద్ధతి వినటానికి తేలిక. ఎదుటి కుక్క ఎంత దూరంలో ఉంటే చిట్టి చూసి కూడా అరవకుండా, పెట్టింది తింటుందో ఆ దూరం కనుక్కోవాలి. అక్కడ నిలబడి, అది ఆ కుక్క వైపు చూడగానే ఒక చిన్న మాట అని, నోట్లో జున్నుముక్క పెట్టాలి. చూడు, తిను. చూడు, తిను. లెస్లీ మెక్‌డెవిట్ అనే ఆవిడ 2007లో "కంట్రోల్ అన్‌లీష్డ్" అనే పుస్తకంలో ఈ ఆటని వివరంగా రాశారు. కొన్నాళ్ళకి కుక్కే ఎదుటి కుక్కని చూసి, వెంటనే మన మొహంలోకి చూస్తుంది, "చూశాను, ఏదీ నా ముక్క?" అన్నట్టు. మేం ఎంచుకున్న ఆ చిన్న మాట "భేష్". మా తాతగారి తర్వాత మా ఇంట్లో ఆ మాట వాడినవాళ్ళు లేరు. ఇప్పుడు రోజుకి వంద సార్లు వినిపిస్తుంది. చిట్టికి అలా తినగలిగే దూరం మొదట్లో ఎంతో తెలుసా? నూట ఇరవై అడుగులు.

మూడో క్లాసులోనో నాలుగో క్లాసులోనో ఆవిడ గడ్డి మీద ఒక పసుపుపచ్చ గొట్టం పరిచారు, మన పిల్లలు పార్కులో దూరి ఆడుకునేలాంటిది. ఎవరూ చెప్పకుండానే చిట్టి అటు నుంచి దూరి ఇటు నుంచి వచ్చింది. వచ్చేటప్పుడు దాని తోక పైకి లేచి ఉంది. రెండేళ్ళలో ఆ తోక కాళ్ళ మధ్య కాకుండా ఇంకెక్కడైనా ఉండగా చూడటం మాకదే మొదలు. మళ్ళీ తనంతట తానే దూరింది. ఆ రోజు పదకొండు సార్లు దూరింది. మా అమ్మాయి లెక్కపెట్టింది.

అలా మేము డాగ్ ఎజిలిటీ అనే ఆటలోకి దిగాం. తెలియని వారి కోసం నాలుగు మాటలు. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శనలో, మధ్యలో ఖాళీగా ఉండే కాసేపు జనానికి కాలక్షేపం కావాలని, గుర్రాల చేత అడ్డంకులు దూకించే పోటీల్ని చూసి కుక్కలకి అలాంటిదే ఒకటి తయారుచేశారు. కాలక్షేపంగా పెట్టింది ప్రపంచమంతా పాకింది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ 1994లో మొదలుపెట్టింది. అప్పట్లో జాతి కుక్కలకే ప్రవేశం. 2010 నుంచి చిట్టిలాంటి ఊరూ పేరూ లేనివాటిని కూడా రానిస్తున్నారు. జడ్జి వేసిన వరుసలో కుక్క అడ్డంకులన్నీ దాటాలి. తప్పుల్లేకుండా, పెట్టిన సమయం లోపల. గోతిలో తాడు ఉండదు, చేతిలో తిండి ఉండదు, కుక్కని ముట్టుకోకూడదు. మనం పక్కన పరిగెడుతూ నోటితో, చేతులతో దారి చెప్పాలి. గోతి అంటే కంగారు పడకండి, రింగుని మా ఇంట్లో గోదా అనీ గోతి అనీ అంటాం. మా అమ్మాయి తెలుగు అది, నాకూ అలవాటైపోయింది.

మాటలు ఏ భాషలోనైనా ఉండొచ్చు. ఆ క్లాసులో అందరూ ఇంగ్లీషులో ఒకేలా అరుస్తుంటే చిట్టి పక్కవాళ్ళ గొంతుకి కూడా ఉలిక్కిపడేది. అందుకని మేం తెలుగు పెట్టుకున్నాం. గుడిసె కప్పులా రెండు పలకలు ఆనించి ఉంటాయి, ఐదున్నర అడుగుల ఎత్తు, దానికి "ఎక్కు". నాలుగడుగుల ఎత్తున సన్నటి బల్లల మీద నడవాలి, దానికి "వంతెన". వరసగా పాతిన కర్రల మధ్య నుంచి పాములా మెలికలు తిరుగుతూ పోవాలి. దానికి పేరు పెట్టింది మా ఆవిడ, "జడ". చిక్కొచ్చింది దూకుడు దగ్గర. అడ్డుకర్ర మీంచి గెంతటానికి "దూకు" అనీ, గొట్టానికి "దూరు" అనీ పెట్టాను. కుక్కలు మాట మొదటి చప్పుడే వింటాయి కాబోలు. నేను "దూ..." అనేసరికే అది ఏది దగ్గరుంటే అటు పోయేది. రెండు వారాల పాటు దానికి బుర్ర లేదనుకున్నాను. మా అమ్మాయి "నాన్నా, రెండూ ఒకేలా ఉన్నాయి కదా, నాకే తేడా తెలీదు" అన్నాక గొట్టాన్ని "గుహ" చేశాం. మర్నాటి నుంచి ఒక్క తప్పు లేదు. పిల్లలకి గుణింతాలు చెప్పేటప్పుడు ఈ కథ చెబితే పడీ పడీ నవ్వుతారు.

2022 ఏప్రిల్లో మా అమ్మ ఆరు నెలలకని వచ్చింది. "కుక్కని ఇంట్లో పెట్టుకోవటమేమిట్రా, చోద్యం కాకపోతే! దాన్ని నా దరిదాపులకి రానివ్వకు" అని మొదటి రోజే చెప్పేసింది. నేను హడలిపోయాను. కానీ జరిగింది వేరు. అమ్మ దాని వంక చూసేది కాదు, పలకరించేది కాదు, ముట్టుకోవటానికి చెయ్యి చాపటం అసలే లేదు. తన కుర్చీలో తను కూర్చుని జపం చేసుకునేది. మూడో వారానికి చిట్టి వెళ్ళి ఆ కుర్చీ కింద పడుకుంది. కొత్త మనిషి దగ్గరికి తనంతట తాను వెళ్ళటం అదే మొదటిసారి. మా టీచరుగారికి చెబితే, "నేనందరికీ చెప్పేది అదేనయ్యా, ఎవరూ వినరు. మీ అమ్మగారికి నేర్పక్కర్లేకుండానే వచ్చు" అన్నారు. వెళ్ళే ముందు రోజు అమ్మ ఎవరూ చూడటం లేదనుకుని దానికి పెరుగన్నం ముద్ద పెడుతుంటే నేను చూశాను.

పిల్లలూ, మీరు ఎవరింటికైనా వెళ్ళినప్పుడు బెదురుకుక్క ఉంటే మా అమ్మలా చెయ్యండి. కళ్ళలోకి చూడొద్దు, తలమీద చెయ్యి వెయ్యొద్దు, మీ పని మీరు చూసుకోండి. తాడుకి పసుపు రిబ్బను కట్టి ఉంటే "నాకు కాస్త చోటివ్వండి" అని అర్థం.

నా వంతు నేను ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోలేదు. ఎక్సెల్ షీటు తెరిచాను. తేదీ, ఎదురుగా ఏముంది, ఎన్ని అడుగులు, జున్ను తిందా లేదా. మూడు నెలల లెక్కలు చూస్తే ఒక సంగతి బయటపడింది. నిన్న అరవై అడుగుల్లో చూసి ఊరుకున్న కుక్కనే ఇవాళ చూసి ఎందుకు మీద పడింది? ఇవాళ పొద్దున చెత్తబండి వచ్చింది, మధ్యాహ్నం పార్సిలు వ్యాను వచ్చింది, పక్కింట్లో కప్పు మీద సుత్తి దెబ్బలు. విడివిడిగా ఏదీ పెద్దది కాదు, అన్నీ కలిసి గిన్నె నిండిపోయింది. నిండిన గిన్నె ఒకపూటలో ఖాళీ అవ్వదు, రెండు మూడు రోజులు పట్టేది. ఇంకొక గుర్తు కూడా నేర్చుకున్నాను. నిద్ర రాకుండా ఆవులిస్తే, ఊరికే మూతి నాక్కుంటుంటే, చెప్పిన పని చెయ్యకుండా నేల వాసన చూస్తుంటే అది మొండితనం కాదు. ఇక నా వల్ల కావటం లేదని చెప్పటం.

ఇవన్నీ నాకు తెలుసు. షీటులో నా చేత్తో నేనే రాసుకున్నాను. అందుకే ఆ తర్వాత నేను చేసిన పనికి సాకు లేదు.

2022 వేసవి చివరికి చిట్టి పెరట్లో గాలిలా పరిగెత్తేది. నాలో నిద్రపోతున్న ఎంసెట్ కుర్రాడు లేచాడు. మా కాలంలో ర్యాంకు తప్ప ఇంకేమైనా ఉందా? 2000లో కాకినాడలో ఇంజనీరింగు పూర్తిచేసి బయటికొచ్చేదాకా నాకు తెలిసిన ఆట ఏదైనా ఉంటే అది ముందు వరసలో ఉండటమే. టీచరుగారు "ఇంకో ఏడాది ఆగండి" అన్నారు. నేను అక్టోబరు పోటీకి ఎంట్రీ పంపేశాను.

గుర్రాలకి కట్టిన పెద్ద షెడ్డు, మట్టి నేల. రింగులోకి ఒక్కోసారి ఒక్క కుక్కే వెళుతుంది, కాబట్టి ఫరవాలేదని నా లెక్క. గేటు దగ్గర వరసలో ఏడెనిమిది కుక్కలు ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయని ఆలోచించలేదు. చిట్టి ఆవులించింది. మూతి నాక్కుంది. జున్ను పెడితే మూతి పక్కకి తిప్పుకుంది. మా అమ్మాయి నా చొక్కా లాగి "నాన్నా, తినట్లేదు" అంది. "లోపలికెళితే సర్దుకుంటుందిలే" అన్నాను.

తాడు తీశాను. మొదటి కర్ర దూకింది, రెండోది దూకింది, తర్వాత తల దించి నేల వాసన చూడటం మొదలుపెట్టింది. నేను పిలిచాను. రాలేదు. గట్టిగా పిలిచాను. ఇంకా గట్టిగా "ఎక్కు!" అన్నాను. పాపం, ఎక్కింది. ఐదున్నర అడుగుల ఎత్తు మీంచి చూస్తే దానికి షెడ్డంతా కనిపించింది. ఎన్ని కుక్కలున్నాయో అన్నీ కనిపించాయి. అక్కణ్ణుంచే కిందికి దూకేసి, కంచె తాడు కింద నుంచి దూరి, బయట నిలబడ్డ ఒక పెద్ద కుక్క మీదికి అరుస్తూ ఉరికింది. ఆ కుక్కగలావిడ మధ్యలో అడ్డం నిలబడింది కాబట్టి సరిపోయింది, పన్ను తగల్లేదు. జడ్జి ఈల వేసి ఆపేశారు. క్షమాపణ చెప్పుకోవటానికి ఆవిడ వైపు వెళ్ళబోతే, దూరం నుంచే అరచెయ్యి అడ్డం పెట్టి వద్దన్నారు. ఆవిడ చెయ్యి వణుకుతోంది.

కారులో చిట్టి గంటన్నర పాటు వణుకుతూనే ఉంది. ఇంటికింకా ఇరవై మైళ్ళుందనగా వెనక సీటులోంచి మా అమ్మాయి నెమ్మదిగా అంది, "నాన్నా, అది నీకు నో చెప్పింది. టెన్ టైమ్స్ చెప్పింది."

నేను మాట్లాడలేదు.

"నాకూ అలాగే చేశావు."

ఏ రోజు గురించి అంటోందో అడగక్కర్లేదు. 2017, మన బడి వార్షికోత్సవం. దానికి ఏడేళ్ళు. మూడు వేమన పద్యాలు. ఇంట్లో గుక్క తిప్పుకోకుండా చెప్పేది. స్టేజీ ఎక్కించాక ఆ దీపాలు, ఎదురుగా అంతమంది జనం చూసి బిగుసుకుపోయింది. నేను కెమెరా పట్టుకుని స్టేజీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మొదటి మాట అందించాను. పలకలేదు. గట్టిగా అందించాను. వెనక ఎవరో నవ్వారు, చెడ్డగా కాదు. దిగిపోతానన్నట్టు నా వంక చూసింది. నేను తల అడ్డంగా ఊపి "చెప్పు, చెప్పు" అని సైగ చేశాను. కళ్ళనీళ్ళు కారుతుండగా మూడు పద్యాలూ గబగబా అప్పజెప్పేసింది. హాలంతా చప్పట్లు. "చూశారా, భయం పోయింది" అని నేను అందరితో గొప్పగా చెప్పుకున్నాను. ఆ వీడియో ఇండియాకి కూడా పంపాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం దానికి కడుపునొప్పి. పదేళ్ళు వచ్చాక నేను రానంది, ఇక రాలేదు. మాస్టారి కూతురే బడికి రాదేమిటని అడిగినవాళ్ళకి సాకర్ అనీ, హోంవర్కనీ ఏవేవో చెబుతూ వచ్చాను. అసలు కారణం ఇది. ఈ సంగతి ఇక్కడ రాయొచ్చా అని మా అమ్మాయినే అడిగాను. "రాయి. కానీ నా పేరు వెయ్యకు" అంది.

ఆ రాత్రి మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఇక మీదట గేటు దగ్గర చిట్టిని చూసేది తను. వెళ్ళాలో వద్దో చెప్పేదీ తనే. నేను కాదు.

2023 అంతా ఒక్క పోటీకీ వెళ్ళలేదు. నిర్వాహకుల అనుమతి అడిగి పోటీలు జరిగే చోటికి ఊరికే వెళ్ళేవాళ్ళం. పార్కింగ్ లాట్‌లో ఆ మూల నిలబడి, పది నిమిషాలు కుక్కల్ని చూడటం, జున్ను తినటం, ఇంటికి రావటం. రెండు వందల అడుగుల నుంచి మొదలుపెట్టి డిసెంబరుకి గేటు దాకా వచ్చాం. పది నిమిషాల కోసం గంటన్నర డ్రైవింగ్ ఏమిటని మా ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. 2024 వసంతంలో లెక్కలోకి రాకుండా అలవాటు కోసం మాత్రమే పరిగెత్తే పద్ధతిలో నాలుగైదు సార్లు రింగులోకి వెళ్ళాం. రెండు కర్రలు, ఒక గుహ, "భేష్", బయటికి. అంతే.

ఊగుడుబల్ల మాత్రం ఇప్పటికీ గొడవే. అది రెండో వైపుకి ఒరిగి నేలకి తగిలినప్పుడు వచ్చే చప్పుడు దానికి పడదు. ఆ చివర కింద పాత దిండు పెట్టి, ఒక్కో వారం ఒక్కో దుప్పటి మడత తగ్గిస్తూ వస్తున్నాం. అందుకే ఊగుడుబల్లా, ఎక్కేవీ లేకుండా కర్రలూ, గుహలూ, జడా మాత్రమే ఉండే రకం పోటీకే పేరిస్తున్నాం. మూడుసార్లు అర్హత సాధిస్తే మొదటి మెట్టు బిరుదు ఇస్తారు.

2024 సెప్టెంబరులో వర్జీనియాలో ఒక శనివారం పోటీ. (ఆదివారాలు నేను బడి మానను, అది మా ఆవిడ పెట్టిన షరతు.) తెల్లవారకుండా లేచి రెండున్నర గంటలు డ్రైవ్ చేశాను. కుక్క లేకుండా కోర్సు నడిచి చూసుకోవటానికిచ్చిన కాసేపట్లో దారంతా కంఠతా పట్టేశాను. ఎక్కడ ఎటు తిరగాలో అంత స్పష్టంగా నాకెప్పుడూ పట్టుబడలేదు. మా ముందు ఇద్దరే ఉన్నారు. మా అమ్మాయి చిట్టి పక్కన గొంతుక్కూర్చుని చూస్తోంది. వరసలో ఒక కుక్క చిట్టి మీంచి కళ్ళు తిప్పటం లేదు. చిట్టి జున్ను తీసుకుంది గానీ, మింగకుండా వదిలేసింది.

"నాన్నా, ఇవాళ కాదు."

నోరు తెరిచాను. రెండున్నర గంటలు, కట్టిన ఫీజు, కంఠతా పట్టిన కోర్సు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. గేటు దగ్గరున్నాయన "తర్వాత మీరే" అన్నాడు. మేం రావటం లేదు, కొట్టెయ్యండి అన్నాను. ఆయన పెన్నుతో గీత గీశాడు. ముగ్గురం కారు దగ్గరికి నడిచాం. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపితే మా అమ్మాయి చిప్స్ కొనుక్కుని, వెనక కాకుండా ముందు సీటులో కూర్చుంది. ఇంటికొచ్చేదాకా సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో ఆపకుండా ఏవేవో కబుర్లు చెబుతూనే ఉంది. వాళ్ళ స్కూల్లో ఎవరెవరున్నారో నాకా రోజే తెలిసింది.

నవంబరులో వెళ్ళమంది. వెళ్ళాం. ఆరు కర్రల జడ దగ్గర ఒక్క క్షణం తడబడింది. నేను అరవకుండా నిలబడ్డాను. తనే సర్దుకుని మళ్ళీ మొదటి కర్ర నుంచి అల్లుకుంటూ వచ్చింది. చివరి కర్ర దూకి నా మీదికి గెంతింది. అర్హత వచ్చింది. ఇండియాకి ఫోన్ చేసి అమ్మకి చెబితే, "ర్యాంకెంతరా?" అంది. ర్యాంకు కాదమ్మా, పాసయిందంటే, "పాసేనా!" అని, కాస్త ఆగి, "పోన్లే, పెరుగన్నం పెట్టు" అంది.

2025 మార్చిలో రెండోది వచ్చింది. మూడోదింకా రాలేదు. మధ్యలో రెండుసార్లు గేటు దగ్గర్నుంచే వెనక్కొచ్చేశాం.

మా ఇంటికి మళ్ళీ జనం వస్తున్నారు, కొద్ది కొద్దిగా. గుమ్మం దగ్గరే మా అమ్మాయి అందరికీ రూల్సు చెబుతుంది, చూడొద్దు, పలకరించొద్దు, చెయ్యి చాపొద్దు అని. నా క్లాసులో కూడా ఇప్పుడు పద్యం స్టేజీ మీద చెప్పాలా, నా బల్ల దగ్గర చెప్పాలా అన్నది పిల్లల ఇష్టం. ఒకరిద్దరు పెద్దలకి ఇది నచ్చలేదని విన్నాను.

పోయిన వారం పోటీల సెక్రటరీకి కొత్త ఎంట్రీ పంపాను. ఆ శనివారం చెత్తబండి రాదు, పక్కింటి వాళ్ళు ఊళ్ళో ఉండరు, షీటులో చూసుకున్నాను. మా అమ్మాయికి చెబితే, "సరే నాన్నా, కానీ అక్కడికెళ్ళాకే చెబుతాను" అంది.